చోటు చూడొద్దు, ఫారం నింపండి

ఫొటోలు తీసేముందు ఆ చోటికి ఒకసారి పోయి చూసిరావాలనే దురాచారం మన పిల్లల్లోకి పాకుతోంది. దానికి రెక్కీ అని పేరు కూడా పెట్టారు. తిరుపతి పౌరుడిగా నేను దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. చోటు చూస్తే ప్రమాదాలు కంటపడతాయి. కంటపడ్డాక, ఫొటోలకి ముందు కాలేజీకి రాసిచ్చే ప్రమాదాల ఫారంలో వాటిని రాయకుండా ఉండలేం. రాస్తే సంతకం పెట్టేవాళ్ళు జంకుతారు. అదే ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని రాస్తే ప్రపంచంలో అన్ని ప్రమాదాలూ 'తక్కువ'.

ఈ జ్ఞానం నాకు మా మేనకోడలి వల్ల కలిగింది. ఆ పిల్ల ఫొటోగ్రఫీ చదువుతోంది. మే నెలలో ఒకరోజు నాలుగు పేజీల ఆ రిస్కు ఫారం తెచ్చి, "మామా, బాధ్యుల సంతకమంట, ఈడ పెట్టు" అంది. నేను చదవకుండా సంతకం పెట్టేవాణ్ణి కాను. చదివి పెట్టేవాణ్ణి. రెండింటికీ పెద్ద తేడా లేదని తర్వాత తెలిసింది.

ఫారంలో లెక్క తెలివైనదే. ఒక ప్రమాదం జరిగే అవకాశానికి 1 నుంచి 5 దాకా అంకె వేయాలి, జరిగితే కలిగే నష్టానికి మరో అంకె. రెండూ హెచ్చవేయాలి. 25 వస్తే ఇంట్లో ఉండటం మేలు. రోజూ జరిగే చిన్న తంటానీ, ఎప్పుడో వచ్చి ప్రాణం మీదికి తెచ్చేదాన్నీ ఒకే తక్కెడలో తూచడమన్నమాట. ఎవరు కనిపెట్టారో గానీ దండం పెట్టాలి. కాకపోతే ఈ ఫారాన్ని ఏదో చలిదేశపు కాలేజీ నుంచి దించుకున్నట్టున్నారు. మొదటి వరసలోనే 'మంచు మీద కాలు జారడం' అని ఉంది. మేనకోడలూ ఆమె జట్టు పిల్లలూ అవకాశం దగ్గర 2 వేశారు.

"తిరుపతిలో మంచేంది తల్లీ?"

"1 వేస్తే చూడకుండా వేసినట్టుంటాది మామా."

'సముద్రపు పోటు వేళలు చూసుకున్నారా?' చూసుకున్నారట. 'అక్కడ జనసమ్మర్దం ఉండే అవకాశం ఉందా?' లేదట. తిరుపతిలో! ఎండ గురించి ఫారంలో ఒక్క ముక్క లేదు. మే నెలలో మా ఊళ్ళో 40 డిగ్రీలు దాటడం వార్త కూడా కాదు. అయినా 'తగినంత వెలుతురు ఉంటుందా?' అనే ప్రశ్న ఉంది కాబట్టి, దాని ఎదుట 'చాలా' అని రాసి ఊరుకున్నారు.

జంతువుల గడిలో 'పెంపుడు కుక్కలు' అని ఒక్కటే ఉంది. 2023లో తిరుమల నడకదారిలో చిరుత ఒక చిన్నపాప ప్రాణం తీశాక, భక్తుల చేతికి కర్రలిచ్చి కొండెక్కించిన ఊరు మాది. అది నవ్వులాటకి తీసుకునే సంగతి కాదు. దానికి ఫారంలో గడి లేకపోవడం చూస్తే మాత్రం ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మొదట వీళ్ళు తలకోన అనుకున్నారు. 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్ళు పడే చోటు, చుట్టూ నేషనల్ పార్కు, కింద నాచు పట్టిన బండలు. వాటి మీద పట్టుచీరలో ఒక పిల్లని నిలబెట్టి, మిగతా నలుగురూ కెమెరాలో కన్నుపెట్టి వెనక్కి నడుస్తారట. అదీ తెల్లవారుజామున, లేత వెలుతురు కోసం. నేనొక్కటే అడిగాను. శేషాచలం ఎర్రచందనం అడవి. పొద్దు పొడవకముందే పొడుగాటి సంచి భుజాన వేసుకుని అందులోకి నడిచే ఐదుగురిని చూసి 'ఆహా, కళాసేవ' అనుకునే ఫారెస్టు గార్డు ఇంకా పుట్టలేదు కదా? సంచిలో ఉన్నది కెమెరా స్టాండని ఆయనకు ఎవరు చెప్పాలి?

ఇలా అడగడాన్నే రెక్కీ అంటారని ఆ పిల్ల చెప్పింది. సిగ్గుపడ్డాను.

తర్వాత స్నేహితుడి డ్రోన్ ఎగరేద్దామన్నారు. ఒకవైపు డ్రోన్లు నిషేధించిన తిరుమల, ఇంకోవైపు రేణిగుంట విమానాశ్రయం, నడిమధ్యన మేం. ఎగరేసేముందు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్ల మ్యాపు చూసుకోవాలని 2021 డ్రోన్ నిబంధనలు చెబుతున్నాయి. "మ్యాపు చూస్తే ఎగరేసేదానికి కుదరదు మామా" అన్నారు. నా శిష్యులే.

చివరికి చంద్రగిరి కోట ఖాయమైంది. మంచి ఎంపిక. కర్ర వాడకుండా ఇటుక, రాయి, సున్నంతో కట్టిన మూడంతస్తుల రాజమహల్, పక్కనే రాణీమహల్. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు జాగా పట్టా ఇచ్చింది ఈ చంద్రగిరి రాజుల కింది నాయకుడే. ఇచ్చేముందు ఎవరూ రిస్కు ఫారం నింపినట్టు ఆధారాల్లేవు. ఫలితం అందరికీ తెలిసిందే.

ముహూర్తం మా అమ్మ పెట్టింది. శుక్రవారం మంచిదంది. రాహుకాలం పదిన్నరకి మొదలై పన్నెండుకి పోతుంది గనక, అది దాటాకే గడప దాటాలంది. వీళ్ళ నాలుగు పేజీల కంటే ఈవిడ అంచనాలో పట్టింపు ఎక్కువ. చెప్పిన ప్రకారమే బయల్దేరి నడినెత్తిన ఎండలో కోట చేరారు. రాజమహల్లో ఉన్నది మ్యూజియం. మ్యూజియానికి శుక్రవారం సెలవు. కాపలాదారు స్టాండు చూసి, అది పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తెచ్చుకోవాలని కూడా చెప్పి పంపాడు. ఈ రెండు ముక్కలూ ఒక్క ఫోనుతో ముందే తెలిసేవి. కానీ ఫారంలో 'గేటు' అనే వరస లేదు.

ఆ ఫారానికి కాలేజీలో పదికి పది వచ్చాయి.

ఫొటోలు మాత్రం ఆ సాయంత్రం మా మిద్దె మీద తీశారు. సొంత మిద్దెకి ఫారమెందుకని ఎవరూ నింపలేదు. వెలుతురు బాగుంది, వెనక కొండ బాగుంది. ఆ కొండ మొత్తం రావాలని ఒక కుర్రాడు కెమెరాలోంచి కన్ను తీయకుండా వెనక్కి, ఇంకా వెనక్కి నడిచాడు. అక్కడ పాత పంచె మీద మా అమ్మ ఆ పూటే పెట్టిన సగ్గుబియ్యం వడియాలు, పైన ఆరి కింద పచ్చిగా, తెల్లగా మెరుస్తున్నాయి. కుర్రాడు మూడడుగులు జారాడు. కెమెరా బతికింది, మోచెయ్యి గీరుకుంది, వడియాలు పోయాయి. మంచుకి 2 వేసినవాళ్ళ దూరదృష్టికి నేను మనసులోనే చేతులెత్తి మొక్కాను.

చప్పుడుకి మా అమ్మ పైకొచ్చి పంచె వైపు చూసింది.

"ఎవుర్రా దీనికి బాధ్యులు?"

మేనకోడలు తడుముకోలేదు. "మామ సంతకం పెట్టినాడవ్వా."