ఓడే జట్టు ఎక్కువ ఎందుకు ఇవ్వాలి?

అమెరికా బేస్‌బాల్‌లో వరుసగా ఓడే జట్టు ఏదో ఒకటి, పేరున్న ఫ్రీ ఏజెంటుకు (ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగలిగే ఆటగాడికి) మార్కెట్ ధర కంటే ఎంతో ఎక్కువ రాసిచ్చినప్పుడల్లా డబ్బు తగలేశారన్న విమర్శ వస్తుంది. ఈ విమర్శతో మేం పూర్తిగా ఏకీభవించం. గెలిచే జట్టుకు, ఓడే జట్టుకు ఒకే ధర ఉండదు. అట్టడుగు జట్టుకు రమ్మంటే అదనంగా ఇవ్వాల్సిందే. చూడాల్సింది అది ఎప్పుడు ఇస్తున్నారు, ఏ రూపంలో ఇస్తున్నారు అన్నదే.

తెలుగువారు వేలాదిగా స్థిరపడ్డ డాలస్ ప్రాంతపు జట్టు టెక్సస్ రేంజర్స్ ఈ పని రెండుసార్లు చేసింది. 2000 డిసెంబరులో అలెక్స్ రోడ్రిగెజ్‌కు పదేళ్లకు 25.2 కోట్ల డాలర్లు ఇచ్చింది. అతడు ఏ లోటూ చేయలేదు. 2001లో 52, 2002లో 57 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టాడు. అయినా అతడున్న మూడేళ్లూ జట్టుది తన డివిజన్‌లో, అంటే లీగ్‌లోని తన గ్రూపులో, ఆఖరి స్థానమే. బంతి వేసేవాళ్లు (పిచర్లు) సరిగా లేనప్పుడు ఒక్క బ్యాటు ఎన్ని మ్యాచ్‌లు గెలిపిస్తుంది? 2004లో అతణ్ని న్యూయార్క్ యాంకీస్ జట్టుకు వదులుకుంటూ, జీతంలో 6.7 కోట్లు భరించడానికి ఒప్పుకుంది.

2021లో అదే జట్టు 102 మ్యాచ్‌లు ఓడింది. ఆ శీతాకాలం కోరీ సీగర్‌కు పదేళ్లకు 32.5 కోట్లు, మార్కస్ సెమియన్‌కు ఏడేళ్లకు 17.5 కోట్లు ఇచ్చింది. మరుసటి ఏడాదీ 94 ఓటములే. ఈసారి అక్కడితో ఆగలేదు. నేథన్ ఎవాల్డీ లాంటి పిచర్లను తెచ్చుకుంది. సొంతంగా పెంచిన జాష్ యంగ్, ఎవాన్ కార్టర్ అందివచ్చారు. 2023లో లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది.

ఎప్పుడు ఇవ్వాలన్నదానికి జవాబు ఇదే: మిగతా జట్టునూ కూర్చుకుంటున్నప్పుడు. ఇక రూపం సంగతి. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండితేగాని ఫ్రీ ఏజెంటు కాలేరు కాబట్టి చాలామంది ముప్ఫై దరిదాపుల్లోనే బేరానికి వస్తారు. పైగా ఇవి గ్యారంటీ ఒప్పందాలు. ఆటగాణ్ని తీసేసినా జీతం ఆగదు. అందుకే అదనపు సొమ్మును ఏటా ఇచ్చే జీతంలో కలపాలిగాని ఏళ్లు పెంచకూడదు. 2010లో వాషింగ్టన్ నేషనల్స్ 31 ఏళ్ల జేసన్ వర్త్‌కు ఏడేళ్లకు 12.6 కోట్లు ఇచ్చింది. 2012 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో) తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 13వ బంతి దాకా నిలబడి అతడు కొట్టిన విన్నింగ్ హోమ్ రన్ ఆ డబ్బుకు న్యాయం చేసింది. కానీ చివరి ఏడాది, 2017లో, 162 మ్యాచ్‌లకుగాను ఆడగలిగింది 70 మాత్రమే.

ఏళ్లు తగ్గించడం కుదరకపోతే షరతులైనా పెట్టుకోవాలి. 2003లో 119 మ్యాచ్‌లు ఓడిన డెట్రాయిట్ టైగర్స్, 2005లో మాగ్లియో ఒర్డోనెజ్‌కు ఐదేళ్లకు 7.5 కోట్లు ఇస్తూ, గాయపడ్డ ఎడమ మోకాలు మళ్లీ తిరగబెడితే తొలి సీజన్ తర్వాతే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు రాయించుకుంది. ఆ మరుసటి ఏడాదే వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది.