ముల్లు కదలకపోతే మీటరే మార్చేస్తారా?

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. పెట్రోల్ ముల్లు ఖాళీ గీత దగ్గర పడిపోయి లేవడం లేదని బండిని షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ కీ తిప్పి, మీటరు అద్దం మీద వేలితో టకటకా కొట్టి, "క్లస్టర్ పోయింది సార్, మొత్తం మార్చాల్సిందే" అనేశాడు. క్లస్టర్ అంటే స్టీరింగ్ ముందు మీటర్లన్నీ ఉండే పెట్టె. పరీక్ష అంతే! ఫ్యూజు చూడలేదు, వెనక సీటు ఎత్తలేదు, వైర్లలో కరెంటు, రెసిస్టెన్స్ కొలిచే మల్టీమీటర్ బయటికే తీయలేదు. ఎలా తెలిసిందని అడిగితే "ఇవన్నీ ఇంతే సార్" అన్నాడు.

తాళం తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి సీటు ఎత్తి, ట్యాంకు మీది కనెక్టర్ లాగి చూస్తే ఎర్త్ పిన్ను చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. దాన్ని శుభ్రం చేసి మళ్లీ బిగించి కీ తిప్పితే ముల్లు మెల్లగా లేచి సగం దాటి నిలబడింది. దీనికా కొత్త క్లస్టర్?

ఇందులో అంత బ్రహ్మవిద్య ఏముందండీ? ట్యాంకులో ఫ్లోట్ పెట్రోల్‌తో పాటే లేస్తుంది, దిగుతుంది. దాని కడ్డీకి ఉన్న కాంటాక్టు కరెంటును అడ్డుకునే ఒక రెసిస్టెన్స్ పట్టీ మీద జరుగుతుంది. ఆ రెసిస్టెన్స్‌ను బట్టి ముల్లు కదులుతుంది. కొన్ని బండ్లలో ఖాళీకి 240 ఓమ్‌ల రెసిస్టెన్స్, ఫుల్‌కి 33. ఇంకొన్నిట్లో ఖాళీకి 0, ఫుల్‌కి 90. అందుకే వైరు తెగితే మొదటి రకంలో ముల్లు ఖాళీ మీద పడిపోతుంది, రెండో రకంలో ఫుల్ దాటి వెళ్లిపోతుంది. ఎర్త్ సరిగా అందకపోయినా అంతే, లేని రెసిస్టెన్స్ వచ్చి లెక్కలో కలుస్తుంది. పైన మీటరు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఈ మాత్రం ఆలోచించడానికి ఎంతసేపు పడుతుంది?

పాత బండి అయితే సెండర్ (ట్యాంకులోని ఆ ఫ్లోట్, పట్టీ ఉన్న భాగం) వైరు పీకి చూడాలి, తర్వాత దాన్ని ఎర్త్‌కు తాకించి చూడాలి. ముల్లు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లిందంటే మీటరు బాగున్నట్టే, తప్పు ట్యాంకు వైపే ఉంది. టెంపరేచర్ ముల్లు కూడా కలిసి తప్పు చూపిస్తుంటే, రెండింటికీ కరెంటు ఇచ్చే వోల్టేజ్ స్టెబిలైజర్‌ను అనుమానించాలి. చాలా కొత్త బండ్లలో రీడింగ్ ముందు కంప్యూటర్‌కు వెళ్లి, అక్కడి నుంచి క్లస్టర్‌కు వస్తుంది. వాటిలో వైర్లు తాకించకూడదు, ఆ కంప్యూటర్‌లోని రీడింగులు చూపించే స్కానర్ పెట్టాలి. స్కానర్‌లో లెవెల్ సరిగ్గా వచ్చి ముల్లు మాత్రం కదలకపోతే అప్పుడు క్లస్టర్ పోయిందనండి, ఒప్పుకుంటాను. ముందు చూడండి, తర్వాత చెప్పండి!

నా స్నేహితుడి విషయంలో ఇంకా ఘోరం జరిగింది. అతని బండి ముల్లు ఎగిరెగిరి పడుతుంటే "పట్టించుకోకండి, కిలోమీటర్లు చూసుకుని అంచనాతో పోయించుకోండి" అని పంపేశారు. ముల్లు అలా ఎగురుతోందంటే ఆ రెసిస్టెన్స్ పట్టీ ఎక్కడో అరిగిపోయి ఉండొచ్చు. ఫ్లోట్‌ను చేత్తో మెల్లగా పైకి కిందికి కదిపి ఓమ్‌లు చూస్తే, అరిగిన చోట అంకె గబుక్కున దూకి పట్టిచ్చేస్తుంది. అదీ చేయలేదు. ట్యాంకులో ఉండి ఇంజిన్‌కు పెట్రోల్ తోడే పంపుకు చల్లదనం ఇచ్చేది ఆ పెట్రోలే. అంచనా తప్పి మాటిమాటికీ ఖాళీ అయ్యేదాకా నడిపితే పంపు వేడెక్కి చెడిపోతుంది. అర్ధరాత్రి పిల్లలతో నడిరోడ్డు మీద ఆగిపోతే ఆ అంచనా చెప్పిన మనిషి వచ్చి నిలబడతాడా?

అసలు వీళ్లకు వెతకడం అనే అలవాటే పోయింది. నా పాత బండి పొద్దున్నే స్టార్ట్ కాకపోతే బ్యాటరీ మార్చారు. ఆగలేదు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కూడా మార్చారు. చివరికి వేరే షెడ్డులో ఒక కుర్రాడు చూసి బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉందని స్పానర్‌తో బిగించాడు, అంతే, స్టార్ట్ అయింది. మరి ఆ రెండు బిల్లుల సంగతేంటి? విప్పిన ఆల్టర్నేటర్ నాది, డబ్బు పెట్టి కొనుక్కున్నది. ఇవ్వమని అడిగితే "స్క్రాప్‌లో వేసేశాం సార్" అన్నారు. ఎవరిని అడిగి వేశారు? ఈ ప్రశ్నకు ఇప్పటికీ వాళ్ల దగ్గర జవాబు లేదు. మీలో ఎవరికైనా షెడ్డులో విప్పిన పాత పార్టు అడగకుండా చేతికిచ్చారా? ఇచ్చి ఉంటే కింద రాయండి, ఆ షెడ్డుకే వెళతాను.