సలహాకు మౌనం, కవ్వింపుకు సమాధానం

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల రొయ్య రైతులకైనా, ప్రకాశం ప్రాంతంలో కొండపి, పొదిలి, టంగుటూరు వేలం కేంద్రాలకు బేళ్లు తోలే పొగాకు రైతులకైనా ఇవాళ పొద్దున లేవగానే చూసేది వాట్సాప్ గ్రూపే. కౌంట్ల వారీగా (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన) రొయ్యల ధర, మేత ధర, నిన్నటి వేలం ధర, కరెంటు కోత, వాయుగుండం కబురు అన్నీ అక్కడే తెలుస్తున్నాయి. రైతుకు అంతగా అక్కరకొచ్చే చోట ఎవరెవరు ఏం రాస్తున్నారనే దానికంటే, రాసినవారికి పాత సభ్యులు ఎలా బదులిస్తున్నారనేదే ఆ గ్రూపు మంచిచెడులను తేలుస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. పాత సభ్యులంటే అడ్మిన్లు మాత్రమే కాదు. రోజూ రాసేవారు, పేరు చూడగానే అందరూ గుర్తుపట్టేవారు, ఎవరేం అడిగినా ముందుగా స్పందించేవారు గ్రూపుకు పదిమందో పదిహేనుమందో ఉంటారు. మిగిలిన వందలమంది చదివి ఊరుకుంటారు, ఎప్పుడు మాట్లాడవచ్చో ఎప్పుడు ఊరుకోవాలో ఆ కొద్దిమంది తీరు చూసే నేర్చుకుంటారు.

పొగాకు వేలం సాగే రోజుల్లో ఇలాంటి గ్రూపుల్లో ఎక్కువగా కనిపించే అంకె ఆ రోజు పలికిన గరిష్ఠ ధర. అది ఏ గ్రేడుకు పలికింది, ఎన్ని బేళ్లకు దక్కింది, కొనేవారు ముందుకు రాక ఎన్ని బేళ్లు 'నో బిడ్' అయి వెనక్కి వచ్చాయి అనే వివరాలు చాలాసార్లు ఉండవు. ఆ ఒక్క అంకెను మనసులో పెట్టుకుని, తన వంతు వచ్చిన రోజున బేళ్లు తీసుకెళ్లిన రైతు అక్కడ నిరాశ పడతాడు, ఒక్కోసారి రెండువైపులా బండి కిరాయి మీద వేసుకుని ఇంటికి వస్తాడు. అందుకే గ్రూపులో కొత్తగా చేరిన కుర్రవాడు "గరిష్ఠ ధరతో పాటు కనిష్ఠ ధర, నో బిడ్ అయిన బేళ్ల లెక్క కూడా పెడితే బాగుంటుంది గదన్నా" అని రాశాడనుకుందాం. అతనికి వచ్చే బదుళ్లు ఎలా ఉంటాయో ఇలాంటి గ్రూపుల్లో ఉన్న ఎవరైనా ఊహించగలరు. ఒకరిద్దరు దండం బొమ్మ పెడతారు. ఒకరు "ముందు నీకెన్ని బ్యారన్లున్నాయో చెప్పు తమ్ముడూ" అని పొగాకు కాల్చే కొట్టాల లెక్క అడుగుతారు. ఇంకొకరు "ఇన్నేళ్లూ లేని లెక్కలు ఇప్పుడెందుకబ్బాయ్" అంటారు. సలహా అక్కడితో ఆగిపోతుంది. అదే సాయంత్రం, ఫోటో లేని, ఊరు తెలియని ఎవరో వచ్చి "రైతులే కంపెనీలకు అమ్ముడుపోయారు, మీకు ఏ ధరైనా ఎక్కువే" అని ఒక్క వాక్యం రాసి పోతే, పొద్దున నోరు మెదపని పెద్దలు కూడా రాత్రి పొద్దుపోయేదాకా అతనికి సమాధానాలు రాస్తూనే ఉంటారు. పొద్దున్నే అడిగిన లెక్క సంగతి ఆ వరదలో కొట్టుకుపోతుంది.

ఈ తలకిందుల తీరు మన జిల్లాలకే పరిమితమైనది కాదు. నాలుగు పెద్ద వార్తా వెబ్‌సైట్లలో పాఠకుల వ్యాఖ్యలను విశ్లేషించి స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మరికొందరితో కలిసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యతిరేక స్పందన అందుకున్నవారు ఆ తర్వాత మరింత తరచుగా రాశారని, ఆ రాతల నాణ్యత మరింత దిగజారిందని, పైగా వారు ఇతరుల రాతలను కూడా చెడుగా తూచారని తేలింది. మెచ్చుకోలు అందుకున్నవారిలో అటువంటి మార్పేమీ కనిపించలేదు. వేదికను విడిచి వెళ్లిపోయే అవకాశం అందరికంటే ఎక్కువగా ఉన్నది ఏ స్పందనా దక్కనివారికి. అంటే ఒకరిని సాగనంపడానికి పాత సభ్యుల చేతిలో ఉన్న బలమైన సాధనం మౌనమే. బాధాకరమైన సంగతి ఏమిటంటే, ఆ మౌనాన్ని మనం సలహా ఇచ్చినవారి మీద ప్రయోగిస్తున్నాం, కవ్వించడానికి వచ్చినవారికి మాత్రం కోరుకున్నదంతా ఇచ్చి నిలబెట్టుకుంటున్నాం.

పాత సభ్యులు చెడ్డవారు కాబట్టి ఇలా జరుగుతోందని నేను అనను. జీతం భత్యం లేకుండా, ఎండలో వేలం కేంద్రం దగ్గర నిలబడి ఏళ్ల తరబడి ధరలు పెడుతున్న మనిషికి "ఇంకా ఇది కూడా పెట్టండి" అనే మాట తన కష్టంలో తప్పు వెతికినట్టు వినిపిస్తుంది. సలహాకు జవాబు చెప్పాలంటే ఆలోచించాలి, ఒప్పుకుంటే రేపటి నుంచి పని పెరుగుతుంది, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. తిట్టుకు జవాబు చెప్పడానికి ఇవేవీ అక్కరలేదు, పరువు కాపాడుకున్నామన్న తృప్తి కూడా దక్కుతుంది. దీనికితోడు, ఎన్ని ఎకరాలు, ఎన్ని రొయ్యల గుంటలు, ఎన్నేళ్ల సాగు అనేదాన్ని బట్టి మాటకు విలువ కట్టే అలవాటు మనకు ఊళ్లోనే ఉంది, అది ఫోనులోకి కూడా వచ్చింది. రొయ్యల గ్రూపుల్లో మరో చిక్కు ఉంది. మేత డీలర్లు, సరుకు కొనే ఏజెంట్లు కూడా అదే గ్రూపులో సభ్యులు కావడం మామూలే. కౌంటు ధర పక్కన గుంట గట్టు మీద చేతికందిన ధర ఎంతో, తరుగు ఎంత తీశారో రాద్దామన్న సలహా ఎవరో ఒకరికి తగులుతుంది, అరువుకు మేత తెచ్చుకునే రైతు ఆ సలహాను బలపరచడానికి వెనకాడతాడు. అందుకే ఇలాంటి చోట మౌనాన్ని అంగీకారంగానో అనంగీకారంగానో లెక్కవేయడం పొరపాటు.

ఇంతకంటే ప్రమాదకరమైనది, సలహా ఇచ్చిన మనిషినే ట్రోల్, అంటే కావాలని కవ్వించడానికి వచ్చినవాడు, అనడం. పంట పోయి, అప్పు మీదపడిన రైతు మర్యాదగా రాయడు. అతని మాట కరుకుగా ఉన్నంత మాత్రాన అతను గ్రూపును చెడగొట్టడానికి వచ్చాడనుకోవడం అన్యాయం. మాట తీరును బట్టి కాక, జవాబు వచ్చాక అతను ఏం చేశాడన్నదాన్ని బట్టి తేల్చుకోవడం మంచిది. విషయం మీద నిలబడి మరో ప్రశ్న వేస్తే అతనికి కావలసింది పరిష్కారమే. చెప్పిన జవాబును వదిలేసి కులం మీదికో, పార్టీ మీదికో, జవాబు చెప్పినవాడి ఇంటి సంగతుల మీదికో పోతే అతనికి కావలసింది గొడవ. పైగా ఈ రెండు రకాల మనుషులూ పూర్తిగా వేర్వేరు కూడా కాదు. స్టాన్‌ఫర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2017లో వెలువరించిన ప్రయోగంలో, సులువైన పరీక్ష రాసి, సాధారణ వ్యాఖ్యలు చదివాక రాసినవారి వ్యాఖ్యల్లో ట్రోలింగ్ స్వభావం ఉన్నవి 35 శాతం. కష్టమైన పరీక్ష రాసి చిరాకుపడి, అప్పటికే ట్రోలింగ్ ఉన్న వ్యాఖ్యలు చదివాక రాసినవారిలో అది 68 శాతం. రాసినవారంతా మామూలు మనుషులే. ధర పడిపోయిన రోజున, గ్రూపులో అప్పటికే తిట్లు నడుస్తున్న వేళ, మంచి రైతు కూడా నోరు జారతాడు. అతన్ని ఆ ఒక్క మాటతో తీసేసే ముందు ఎవరో ఒకరు ఫోను చేసి మాట్లాడటం మేలు.

అన్నింటికీ ఊరుకోవడమే మందని కూడా నేను చెప్పలేను. వైట్‌స్పాట్ వైరస్ 1994-95 ప్రాంతంలో మన తీరంలో టైగర్ రొయ్యల సాగును ఎలా తుడిచిపెట్టిందో పాత రైతులకు తెలుసు. ఆ వైరస్‌కు ఈనాటికీ చికిత్స లేదు. అటువంటప్పుడు ఎవరో వచ్చి ఫలానా మందు చల్లితే తగ్గిపోతుందనో, యాంటీబయాటిక్ కలిపి మేత వేయమనో రాస్తే, దాన్ని పట్టించుకోకుండా వదిలేయడం నేరంతో సమానం. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషేధిత మందుల అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. ఈ రెండు వాక్యాలూ ఒక్కసారి, వ్యక్తిని తిట్టకుండా, రాస్తే చాలు. వ్యాధి సోకిన గుంట నీళ్లను బ్లీచింగ్‌తో శుద్ధి చేయకుండా కాలువలోకి వదలవద్దన్న హెచ్చరిక కూడా దానితోపాటే పెట్టవచ్చు. ఆ తర్వాత అతను ఎంత కవ్వించినా వాదన పెంచనక్కరలేదు. ఇక సభ్యురాలైన మహిళను కించపరిచే రాతల విషయంలో మౌనానికి చోటే లేదు. రైతు గ్రూపుల్లో మహిళలు అసలే తక్కువ, మాట పడ్డ ఒక్కరి పక్షాన పాత సభ్యులెవరూ మాట్లాడకపోతే మిగిలినవారు మళ్లీ నోరు తెరవరు.

కవ్వించేవారిని అడ్డుకోవడానికి పెట్టుకున్న కాపలా కొత్తవారినే తరిమేసిన ఉదంతం ఒకటి అందరి కళ్ల ముందూ ఉంది. ఇంగ్లిష్ వికీపీడియాలో చురుకుగా రాసేవారి సంఖ్య 2007లో గరిష్ఠానికి చేరి తర్వాత తగ్గుతూ వచ్చింది. దుశ్చర్యలను తిప్పికొట్టడానికి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ పనిముట్లూ కఠిన నిబంధనలూ, మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవారి మార్పులను కూడా తోసిపుచ్చడం అందుకు ముఖ్య కారణమని 2013లో వెలువడిన పరిశోధన చెప్పింది. మన గ్రూపుల్లో బెంగళూరు, చెన్నై నుంచి నాన్న పొలం కోసం లెక్కలు చూసే పిల్లలను "ఊళ్లో ఉండి మాట్లాడు" అని పంపేస్తున్నప్పుడు నాకు ఈ ఉదంతమే గుర్తుకొస్తుంది.

ఇదంతా అడ్మిన్ చూసుకోవాలనే మాట తరచుగా వినిపిస్తుంది. సభ్యులు పెట్టిన అభ్యంతరకరమైన రాతలకు అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని కేరళ హైకోర్టు 2022లో తీర్పు చెప్పింది, అదే ఏడాది వాట్సాప్ అడ్మిన్లకు ఇతరుల సందేశాలను అందరికీ కనిపించకుండా తొలగించే వీలు కల్పించింది. అంటే చెత్తను తీసేసే సాధనం అడ్మిన్ చేతిలో ఉంది. సలహాకు బదులిచ్చే పని మాత్రం పాత సభ్యులదే. నో బిడ్ లెక్క అడిగిన కుర్రవాడికి, రోజూ ధరలు పెట్టే పెద్దాయనే "సరే అబ్బాయ్, రేపు కొండపిలో నేను గరిష్ఠ, కనిష్ఠ ధరలు రాస్తాను, వెనక్కొచ్చిన బేళ్ల లెక్క నువ్వు తెలుసుకుని పెట్టు, వారం రోజులు చూద్దాం" అని రాస్తే సరిపోతుంది. వారం తర్వాత ఆ లెక్క పనికిరాదని తేలితే ఆ మాట కూడా గ్రూపులోనే, కారణంతో సహా చెప్పాలి.