కృష్ణమ్మా, నువ్వే ఎక్కి రామ్మా

నీళ్ళు దేవుడిచ్చినవి, వాటికి బిల్లేంటండీ అని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన వాయిస్ మెసేజ్ పెట్టారు. నాకైతే వంద శాతం న్యాయంగానే అనిపించింది. దేవుడు నీళ్ళిచ్చిన మాట నిజమే, కాకపోతే నీళ్ళని నాగార్జునసాగర్లో పెట్టి మనల్ని తీసుకొచ్చి హైదరాబాద్‌లో పెట్టాడు, తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి.

సాగర్ నిండితే 590 అడుగులని టీవీలో వింటుంటాం కదా, అది సముద్రమట్టం నుంచి లెక్క, అంటే ఓ 180 మీటర్లు. మన ఊరేమో 540 మీటర్ల దరిదాపుల్లో ఉంది. ఇంటర్ ఫిజిక్స్‌లో బరువుని ఎత్తడానికి ఎంత శక్తి కావాలో చెప్పే ఎంజీహెచ్ సూత్రం గుర్తున్నవాళ్ళు వేసి చూసుకోండి, వెయ్యి లీటర్లని ఆ 360 మీటర్లు ఎత్తాలంటే కాగితం మీదే దాదాపు ఒక యూనిట్ కరెంటు, ఇంక వంద కిలోమీటర్ల పైన పైపుల్లో రాపిడి, పంపులు మింగేదీ కలిపితే ఒక్క యూనిట్‌తో ఎక్కడ ఆగుతుంది. సాగర్ నుంచి మన ఊరికి నీళ్ళు తెచ్చే కృష్ణా పథకం మూడు దశలూ ఫుల్లుగా నడిస్తే రోజుకి 270 మిలియన్ గ్యాలన్లు, అంటే 122 కోట్ల లీటర్లు. మనం పళ్ళు తోముకుంటూ ట్యాప్ వదిలేసి ఫోన్ చూసుకునే నీళ్ళు కూడా అందులోవే.

కాబట్టి ప్రభుత్వానికి నాదొక సలహా. జనం అలిపిరి నుంచి మోకాళ్ళ మీద కూడా ఎక్కుతున్నారు, కృష్ణమ్మ మాత్రం ఎందుకు ఎక్కదు? సాగర్ నుంచి ఆ నీళ్ళు మన ఊళ్ళోకి దిగే సాహెబ్‌నగర్ దాకా మెట్లు కట్టిస్తే సరి, కరెంటు బిల్లు సున్నా.

నిజాం కాలం వాళ్ళకి ఇంత తెలివి లేదు పాపం. 1908 మూసీ వరద తర్వాత ఊరికి ఎగువన గండిపేట చెరువు కట్టారు, 1920 నాటికి అయిపోయింది, నీళ్ళు వాటంతటవే కిందకి దిగొచ్చేవి. గండిపేట నీళ్ళు తాగినోడు ఈ ఊరు వదిలిపోడని సామెత కూడా పుట్టింది. నిజంగానే ఎవడూ పోలేదు, వచ్చినోళ్ళు బంధువుల్ని కూడా పిలిపించుకున్నారు, అందుకే మంజీర, సింగూరు, కృష్ణా అయిపోయి ఇప్పుడు ఎల్లంపల్లి నుంచి గోదావరిని కూడా లాక్కొస్తున్నాం.

రేట్ల సంగతికొస్తే అది ఇంకా అందమైన లెక్క. ఖర్చులో కొంత భాగం మనం నీళ్ళు వాడినా వాడకపోయినా కదలదు, పైపులేసిన అప్పుకి వడ్డీ, జీతాలు, లీకుల రిపేర్లు. పంపుల కరెంటు, పటిక, క్లోరిన్ లాంటివి తగ్గుతాయేమో గానీ, నెలంతా నల్లా తిప్పకుండా ఊరెళ్ళిపోయినా మీ వీధి కింద పైపు సెలవు పెట్టదు. 2011 చివర్లో సవరించిన రేట్లతోనే పదేళ్ళు దాటి లాక్కొచ్చారు, ఆ పదేళ్ళలో ఇరానీ చాయ్ రేటు ఎన్నిసార్లు పెరిగిందో చెప్పక్కర్లేదు. పైగా 2021 జనవరి నుంచి ఇంటికి నెలకి 20 వేల లీటర్లు ఫ్రీ. డ్రైనేజీ సెస్ నీళ్ళ బిల్లులో 35 శాతం, కాబట్టి సున్నాలో 35 శాతం ఎంతో మీరే చూసుకోండి, ఆ మురుగు శుద్ధి చేసే మోటర్లు ఏం తిని తిరుగుతాయో మాత్రం అడక్కండి. ఫ్రీ అంటే ఊరికి నీళ్ళిచ్చే జలమండలికి సర్కారు ఇవ్వాలి, జలమండలి కరెంటిచ్చే డిస్కంకి కట్టాలి, డిస్కం మళ్ళీ సర్కారు వైపు చూడాలి. ముగ్గురు అన్నదమ్ములు ఒకరి జేబులో ఒకరు చెయ్యి పెట్టుకుని నించున్నట్టు.

మళ్ళీ మనం పిసినారులం అనుకునేరు, అస్సలు కాదు. లీటర్ బాటిల్ 20 రూపాయలకి కొంటాం, ఆ రేటున ఫ్రీగా వచ్చే 20 వేల లీటర్లు నెలకి నాలుగు లక్షలు. మొన్న వేసవిలో బోరు ఎండిపోయినప్పుడు ట్యాంకరతను ఐదు వేల లీటర్లకి పదిహేను వందలన్నాడు, ఒక్కరంటే ఒక్కరు కూడా దేవుడిచ్చిన నీళ్ళేగా అనలేదు, పైగా రాత్రి పదకొండుకొచ్చిన అతనికి మంచినీళ్ళు కావాలా అన్నా అని అడిగాం.

ఆ తర్వాతి ఆదివారం మీటింగ్‌లో, ఫ్లాట్‌కో మీటర్ పెట్టించుకుందామా, ఎవరెంత వాడితే అంత కట్టుకుంటారు అన్నాను. సెక్రటరీ గారు కోప్పడ్డారు. "ఏంటండీ, నీళ్ళ దగ్గర కూడా లెక్కలా?" అన్నారు. వాయిస్ మెసేజ్ పెట్టిన పెద్దాయన వెంటనే చప్పట్లు కొట్టారు. పైన వాళ్ళ బాల్కనీలోంచి కార్పెట్ కడిగిన నీళ్ళు ధారగా మీటింగ్ కుర్చీల మీద పడుతున్నాయి, అందరం కొంచెం పక్కకి జరిగి కూర్చున్నాం.