పహాణీ అనే భూమి రికార్డు చదవొచ్చిన పిల్లలు పెద్ద లా ఫర్ముల తలుపు ఎందుకు తట్టరు?

ఏప్రిల్ వచ్చిందంటే హనుమకొండ సుబేదారి లా కాలేజీ దిక్కు పిల్లలు కనపడ్డప్పుడల్లా ఒకటే అడుగుతరు, "సార్, ఈ ఎండాకాలం పెద్ద ఫర్ముల ఇంటర్న్‌షిప్ దొరుకుతదా?" అని. ఏప్రిల్‌ల అడిగితే దొరకదు, మే నెల సీట్ల కోసం మిగతా కాలేజీలోళ్లు చలికాలంలనే ఫామ్‌లు నింపి కూసుంటరు. సిరిల్ అమర్‌చంద్, ఖేతాన్, ట్రైలీగల్ అసుంటి, కంపెనీల పని చూసే లా ఫర్ములకు ఎవరి సిఫారసో కావాలని మనోళ్లు అనుకుంటరు గని, ముందుగాల వాళ్ల వెబ్‌సైట్‌ల కెరీర్స్ పేజీ తెరిచి చూడాలె, అప్లికేషన్ ఎట్ల పంపాల్నో అక్కడనే ఉంటది. నవంబర్‌ల పంపాలె, ఏ నెల కావాల్నో, ఏ టీమ్ కావాల్నో సాఫ్‌గ రాయాలె. పైసలు కట్టించుకొని ఆన్‌లైన్‌ల సర్టిఫికెట్ ఇచ్చేటోళ్ల దిక్కు మాత్రం చూడొద్దు.

"అవన్నీ హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ పిల్లలకే, మనోళ్ల రెజ్యూమె తెరిచి కూడా చూడరు, దానికంటె జిల్లా కోర్టుల సీనియర్ ఎన్క తిరిగితే నయం" అనేటోళ్లు ఉన్నరు. కాలేజీ పేరు చూసుడు ఉన్నదే, నేను కాదన. కోర్టుకు పోవుడు కూడా తప్పదు. 2008 బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం మూడేండ్ల కోర్సుకు 12 వారాలు, ఐదేండ్ల కోర్సుకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ ఉండాలె, అండ్ల కోర్సు మొత్తంల ఒక్కసారన్న వకీళ్ల దగ్గర పని చెయ్యాలె. కాకపోతే అదే రూల్‌ల లా ఫర్ములు కూడా ఉన్నయి కదా. పైగా మే నెలల కోర్టులకే సెలవులు, ఫర్ములకు ఉండయి. ముంబైల రూమ్ కిరాయి ఎవరిస్తరు అంటే, హైదరాబాద్‌ల కూడా కొన్ని ఫర్ములకు ఆఫీసులున్నయి, కాజీపేటల రైలెక్కితే రెండు మూడు గంటల పని.

ఇగ నేను గట్టిగ చెప్పాలనుకునేది ఇది. మన పిల్లలు కవర్ లెటర్‌ల "ఐ యామ్ హార్డ్‌వర్కింగ్" అని రాసి, ఢిల్లీ పిల్లలు రాసినట్టే క్యాపిటల్ మార్కెట్స్ (షేర్ల మార్కెట్ పని) ఇష్టమని రాస్తరు. ఎందుకు? ఒక కంపెనీ తెలంగాణల సోలార్ ప్లాంట్‌కో, గోదాముకో, డేటా సెంటర్‌కో భూమి కొనాలంటే ఎవరో ఒకరు టైటిల్, అంటే ఆ భూమి హక్కు ఎవరిదో చూడాలె. సేత్వార్ (తొలి సర్వేనాటి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ, 1బి (పట్టాదారుల ఖాతా), ఈసీ (రిజిస్ట్రేషన్ల చిట్టా) అన్నీ ముందేసుకొని, పట్టాదారు కాలమ్‌ల ఒక పేరు, అనుభవదారు కాలమ్‌ల ఇంకో పేరు ఎందుకున్నదో తేల్చాలె. అది శిఖం (చెరువు లోపలి) భూమా, ఇనామా (సేవకో, గుడికో ఇచ్చిందా), ఖారీజ్ ఖాతానా (పట్టా కొట్టేసి సర్కారుకు చేరిందా), సర్కారు పేదలకు ఇచ్చిన, 1977 చట్టం కింద అమ్మరాని అసైన్డ్ భూమా, కౌలుదారుకే భూమి హక్కు ఇచ్చే 38-ఈ సర్టిఫికెట్ ఉన్నోళ్లు ఎవరన్నా ఉన్నరా, మధ్యల సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుంట తెల్లకాయితం మీద అమ్ముడు) ఏమన్న నడిచిందా అని చూడాలె. 2020ల సర్కారు భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025ల దాని జాగల భూభారతి వచ్చింది, పాత కాయితం చదివే పని మాత్రం పోలేదు. బెంగళూరుల చదివిన పిల్లగానికి ఇది తర్జుమా చేయించుకుంటే గని అర్థం కాదు, మన పరకాల, నర్సంపేట పిల్లలు ఇంట్ల భూమి పంచాయితీ వింటనే పెరిగిన్రు.

గందుకే రియల్ ఎస్టేట్ టీమ్‌నే అడగండి. రెజ్యూమె ఒక్క పేజీ, రెండుకు మించొద్దు. దానికి తోడు సాదాబైనామా మీదనో, అసైన్డ్ భూముల మీదనో ఇంగ్లీష్‌ల రెండు పేజీల నోట్ సొంతంగ రాసి పెట్టండి (సీనియర్ దగ్గర చూసిన కేసైతే క్లయింట్ పేరు, సర్వే నంబరు రాయొద్దు). మూట్‌లు (కాలేజీలల్ల ఉత్తుత్తి కోర్టు పోటీలు) లేవని ఏడ్చేదానికంటె ఆ రెండు పేజీలు నయం.

ఇదంత తిరిగి తిరిగి భాష కాడికే వస్తది. ఊరి పంచాయితీ తెలుగులనే నడుస్తది, పహాణీ ఎక్కువగ తెలుగులనే ఉంటది, సాక్షి తెలుగులనే చెప్తడు, హైకోర్టుకు పోయేసరికి అంత ఇంగ్లీష్ అయితది. అయినా 2023ల మన హైకోర్టు ఒక ఆస్తి కేసుల తెలుగుల తీర్పు రాసింది. జడ్జీలే తెలుగుల రాసినంక మన పిల్లలకు సిగ్గెందుకు? లా కాలేజీలల్ల రెవెన్యూ రికార్డులు చదువుడు ఒక పేపర్‌గ పెట్టాలె, తాసీల్ ఆఫీసుకు తోలుకపొయ్యి చూపియ్యాలె, ఇది యూనివర్సిటీ ఇయ్యాల అనుకుంటే ఇయ్యాలనే మొదలుపెట్టొచ్చు.

నిరుడు నా దగ్గరికి ఒకమ్మాయి రెజ్యూమె దిద్దమని తెచ్చింది, పర్వతగిరి దిక్కు పిల్ల. పాత పహాణీలల్ల ఉర్దూ మాటలు కూడా విప్పి చెప్పగలదు, వాళ్ల తాత నేర్పిండట. లాంగ్వేజెస్ అన్న కాడ మాత్రం ఇంగ్లీష్ ఒక్కటే రాసుకున్నది. తెలుగు ఎందుకు రాయలేదు బిడ్డా అంటే, "రాస్తే పక్కన పడేస్తరేమో అని భయమయింది సార్" అన్నది. ఆ లైన్ కొట్టేసి, తెలుగు రెవెన్యూ రికార్డులు చదవొస్తదని పేజీల అన్నిటికంటె పైన రాపిచ్చిన.