పూలు లేనప్పుడు రండి

ఆగస్టు దగ్గరపడింది. మా ఇంటికి ఫోన్లు మొదలయ్యాయి. కదిరి నుంచి, హిందూపురం నుంచి, అనంతపురం నుంచి అందరిదీ ఒకటే మాట: "ఫ్లవర్ షో ఎప్పుడు పెడుతున్నారు?" బెంగళూరులో జయనగర వైపు ఇల్లు తీసుకున్న పాపానికి జనవరి 26కి ఒకసారి, ఆగస్టు 15కి ఒకసారి మా ఇల్లు సత్రమైపోతుంది. చుట్టాలు రావడం నాకిష్టమే. వచ్చి వాళ్లు చూసిపోయేదాని మీదే నా కోపమంతా.

ఈసారి కుండ బద్దలు కొట్టేస్తున్నా. మా ఇంటి దగ్గరి పెద్ద తోట లాల్‌బాగ్ చూడాలనుకుంటే, అందులో పెట్టే ఫ్లవర్ షోకి రాకండి.

తిట్టుకుంటే తిట్టుకోండి. ఆ పది రోజులూ అక్కడ జరిగేది తిరునాళ్ల. మెట్రో దిగిన దగ్గర్నుంచి వెనక వాళ్లు తోస్తుంటే ముందుకు పోవడమే, మన కాళ్లతో మనం నడిచేది తక్కువ. గాజింట్లో లక్షల పూలు గుచ్చి ఏదో ఒక కట్టడం నిలబెడతారు, దాని చుట్టూ తాడు. "జరగండి, జరగండి" అని విజిల్. ఆ తాడు ముందు పిల్లల్ని నిలబెట్టి ఒక ఫోటో, చంకలో పిల్ల ఏడుస్తుంటే ఇంకో ఫోటో. బయటికొచ్చి ఉప్పూకారం రాసిన మామిడికాయ ముక్కలు, ప్లాస్టిక్ కవర్లో ఒక గులాబి మొక్క. ఇంటికి చేరాక "లాల్‌బాగ్ చూసేశాం" అని స్టేటస్. 240 ఎకరాల తోటలో వాళ్లు చూసింది ఎకరం కూడా ఉండదు. (ఆ గులాబి మొక్క దసరా దాకా బతికిన ఇల్లు నేనైతే చూడలేదు.)

విచిత్రం ఏమిటంటే, ఆ గాజింటిని కూడా ఎవరూ చూడరు. అందరి కళ్లూ కింద పూల మీదే. ఇనుమూ గాజుతో కట్టిన లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ను మనసులో పెట్టుకుని కట్టిన ఇల్లది. 1889 నవంబరు 30న, విక్టోరియా రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్ చేత శంకుస్థాపన చేయించారు. అంత ఇనుమునీ అంత తేలిగ్గా ఎలా నిలబెట్టారో అర్థం కావాలంటే అది ఖాళీగా ఉన్న రోజు పోయి తల పైకెత్తాలి. మామూలు మంగళవారం పొద్దున ఆరున్నరకి పోండి. వాకింగ్ చేసే పెద్దాయనలు తప్ప ఎవరూ ఉండరు.

రెండేళ్ల కింద మా మామను అలాగే తీసుకుపోయాను. అమ్మ తమ్ముడు, కదిరి దగ్గర వేరుశనగ రైతు. ఏ షో లేని రోజు చూసి, పొద్దున్నే లేపి, నేరుగా తోటలో ఉన్న పెద్ద బండ మీదికి ఎక్కించాను. కెంపేగౌడ గోపురం పక్కన నిలబడి ఆయన చుట్టూ చూసి అన్న మాట:

"ఏమిరా, ఈ బండ చూసేకా నన్ను చీకటితోనే లేపి పిల్చుకొచ్చింది? మనూర్లో లేవా బండలు?"

నాకు చిర్రెత్తింది. ఇది 300 కోట్ల ఏళ్ల నాటి రాయి మామా, దేశం గుర్తించిన భూగర్భ స్మారకం అని బోర్డు చూపించి పాఠం మొదలుపెట్టాను. ఆయన బీడీ జేబులోనే తడుముకుంటూ విన్నాడు. తర్వాత కూర్చుని చదువుకుంటే ఆయన మాటే నిజమని తేలింది. పెనిన్సులర్ నైస్ (gneiss) అంటారు ఆ రాయిని. 1916లో మైసూరు భూగర్భ శాఖలో పనిచేసిన స్మీత్ పెట్టిన పేరు. దక్షిణాదిలో చాలా భాగానికి అడుగున పునాదిగా పరుచుకున్నది ఈ జాతి రాయే, మా సీమ గుట్టలు చాలావరకు ఆ వంశానివే. మామ ఊర్లో నిజంగానే ఉన్నాయి బండలు. ఒక్కటే తేడా. మేం వాటికి క్రషర్లు పెట్టి కంకర చేసి బెంగళూరుకే పంపుతున్నాం. ఇక్కడ ఒక బండ చుట్టూ తోట ఉండబట్టి అది మిగిలింది.

చెట్ల విషయంలోనూ మామ ఒక పట్టాన లొంగలేదు. తిమ్మమ్మ మర్రిమాను నీడన పెరిగిన మనిషి, నాలుగెకరాలు దాటి కొమ్మలు పరిచిన మాను చూసిన కళ్లు. కానీ ముసలి తెల్ల బూరుగు దగ్గర ఆగిపోయాడు. గోడల్లా లేచిన దాని వేళ్ల మధ్యకి పోయి నిలబడి, చేత్తో నిమిరి, "ఈ సందులో రెండు మేకల్ని కట్టేసి మనం కూడా పండుకోవచ్చురా" అన్నాడు. ఆ రోజు ఆయన నోట వచ్చిన ఒకే ఒక్క మెప్పు అది.

హైదరలీ 1760లో ఈ తోట వేయించాడనీ, టిప్పు పెంచాడనీ అందరికీ తెలుసు. తర్వాతి కథే ఎవరికీ పట్టదు. ఇది అలంకారానికి ఉంచిన తోట కాదు, పనిచేసిన తోట. ఎక్కడెక్కడి విత్తనాలో తెచ్చి, ఇక్కడి మట్టిలో బతుకుతాయా లేదా చూసి, నారు రైతులకు ఇచ్చిన చోటు. మన ఇళ్లలో పప్పులో వేసుకునే బెంగళూరు వంకాయ ఉంది కదా, ఆ పేరు ఊరికే రాలేదు. 1874 నుంచి ఇక్కడ సూపరింటెండెంట్‌గా ఉన్న జాన్ కామెరాన్ తెచ్చి నాటించిన వాటిలో అదీ ఒకటంటారు. ఈ మాట చెప్పాకే మామ తోటను కాస్త మర్యాదగా చూడటం మొదలుపెట్టాడు. రైతుకి పువ్వు చూపించి ఏం లాభం, నారు సంగతి చెప్పాలి.

కామెరాన్ తర్వాత 1908లో వచ్చిన జర్మన్ క్రుంబీగల్ చేసిన పని ఇంకా గొప్పది. ఒక జాతి పూత రాలేసరికి ఇంకో జాతి పూతకొచ్చేలా ఊరి రోడ్ల వెంట చెట్లు నాటించాడు. జనవరిలో గులాబి రంగు టబెబూయా, దాని వెనక పసుపుది, మార్చిలో ఊదారంగు జకరండా, ఎండలు ముదిరితే తురాయి. అంటే టికెట్టూ తాడూ లేని ఫ్లవర్ షో ఏడాది పొడుగునా నడుస్తోంది, మనం సిగ్నల్ దగ్గర దాని కిందే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాం.

పూలు చూస్తే తప్పా, ఎందుకింత రాద్ధాంతం అని మా ఆవిడ అడిగింది. తప్పు కాదు. కానీ 2025లో హెబ్బాళ నుంచి సిల్క్‌బోర్డు దాకా సొరంగ రోడ్డు వేయాలనీ, దానికి లాల్‌బాగ్ నేల కొంత కావాలనీ ప్రతిపాదన వచ్చి గొడవైనప్పుడు, ఆఫీసులో పక్క సీటు మనిషి నన్ను అడిగింది ఒకటే: "గ్లాస్ హౌస్ పోదు కదా బ్రో? ఫ్లవర్ షో ఉంటుంది కదా?" ఏటా రెండుసార్లు తప్పకుండా పోయే మనిషి. అతనికి తెలిసిన లాల్‌బాగ్‌కి నిజంగానే ఏమీ కాదు. ఆ రోజు నుంచే నాకీ మంట.

నిన్న మామ కూడా ఫోన్ చేశాడు. ఈసారి అత్తను తీసుకొస్తాడట. పంద్రాగస్టు జనంలో వద్దు మామా, సెప్టెంబరులో రా అన్నాను.

"సరేలే. మీ అత్తకి ఆ బూరుగు మాను చూపిచ్చల్ల. బండ మాత్రం వద్దురా, మోకాళ్లు నొప్పి."