ఒకే నిబంధన పేరుతో ఏ నిబంధనా లేకుండా

నాలుగు గంటల పనికి కనీసం పది నిమిషాల విరామం. అమెరికాలోని టెక్సాస్‌లో భవన నిర్మాణ కార్మికుల కోసం ఆస్టిన్ నగరం 2010లో, డాలస్ 2015లో పెట్టుకున్న నిబంధన ఇంతే. జూలై ఎండలో ఇంటి కప్పెక్కి మేకులు కొట్టే మనిషి దిగివచ్చి మంచినీళ్లు తాగి, చెమట తుడుచుకునేసరికే ఆ పది నిమిషాలు అయిపోతాయి. ఆ కాస్తా చెల్లకుండా చేసే హెచ్‌బీ 2127 అనే రాష్ట్ర బిల్లు మీద 2023 జూన్‌లో, ఎండలు మండిపోతున్న రోజుల్లోనే, గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం చేశారు. కార్మిక, వ్యాపార, వ్యవసాయ రంగాలు సహా పలు విషయాల్లో రాష్ట్రం అనుమతిస్తే తప్ప నగరాలు సొంత నిబంధనలు పెట్టుకోకూడదన్నది దాని సారం. గిట్టనివాళ్లు దానికి 'డెత్ స్టార్' అని, అంటే 'స్టార్ వార్స్' సినిమాలో గ్రహాలనే పేల్చేసే ఆయుధం పేరు పెట్టారు.

సమర్థించేవారి వాదనను కొట్టిపారేయలేం. డాలస్ దాటితే ప్లానో, ఫ్రిస్కో, ఇర్వింగ్. మన తెలుగు కుటుంబాలెన్నో స్థిరపడిన ఊళ్లే ఇవి. పొద్దున ఒక ఊళ్లో, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో పని చేయించే కాంట్రాక్టరుకు ఊరికో చట్టమంటే తలనొప్పే. సరే, రాష్ట్రమంతటికీ కలిపి ఆ పది నిమిషాలు ఇవ్వవచ్చు కదా? ఇవ్వలేదు. నగరాల చేతులు కట్టేసిన చట్టం కూలీ విరామం ఊసే ఎత్తలేదు.

రాష్ట్రానికి అధికారం లేదని కాదు. నగరాలకు రాష్ట్రం ఇచ్చిన అధికారాలే ఉంటాయని అమెరికాలోని అయోవా రాష్ట్ర న్యాయమూర్తి జాన్ డిల్లన్ 1868లోనే తేల్చారు. ఆ అధికారాన్ని దేనికి వాడుతున్నారన్నదే నా అభ్యంతరం.

అందరికీ ఒకే చట్టం ఉండాలన్నదే నిజమైన కోరికైతే మరో రాష్ట్రం మిస్సోరీలో జరిగింది అర్థం కాదు. 2017 మేలో సెయింట్ లూయిస్ నగరం గంటకు కనీస వేతనాన్ని 10 డాలర్లు చేసింది. రాష్ట్రం అడ్డుపడటంతో ఆగస్టు 28న అది తిరిగి 7.70 డాలర్లకు దిగింది. పెరిగిన జీతం నాలుగు నెలలైనా నిలవలేదు. నగరాలతో పని జరగదని తేలాక విషయం రాష్ట్ర ఓటర్ల ముందుకు వెళ్లింది. 2018లో వారు వేతనం పెంచారు. 2024లో జీతంతో కూడిన అనారోగ్య సెలవును రాష్ట్రమంతటికీ ఒకే తీరున ఆమోదించారు. ఇక్కడ ఊరికో చట్టమన్న బెడద లేదు. అయినా శాసనసభ ఆ సెలవును రద్దు చేసింది. రద్దు అమల్లోకి వచ్చింది 2025 ఆగస్టు 28న. మిస్సోరీలో కొత్త చట్టాలు మామూలుగా మొదలయ్యే తేదీ అది.